అఫెన్సివ్ లైన్ ఎంపికలను ఎలా తూచాలి: డాలస్ కౌబాయ్స్ అనుభవం

ఫ్రిస్కోలో స్థిరపడి కొన్నేళ్లుగా అమెరికన్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని డాలస్ కౌబాయ్స్ ఆటలు చూస్తున్న మీరు అడిగింది ఇది: కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2024లో మొదటి రౌండులో టాకిల్ టైలర్ గైటన్‌ను, మూడో రౌండులో కూపర్ బీబీని, 2025లో పన్నెండో పిక్‌తో (ఎంపిక వంతుతో) గార్డ్ టైలర్ బుకర్‌ను తీసుకున్న ఈ జట్టు సరిగా ఎంచుకుందా, లేదా? పరుగులూ క్యాచ్‌లూ లెక్కకు రాని ఆటగాళ్ల ఎంపిక మంచిదో కాదో మామూలు ప్రేక్షకుడు ఎలా తేల్చుకోవాలి? అఫెన్సివ్ లైన్ అంటే బంతి ఉన్న జట్టు ముందు వరుసలోని ఐదుగురు: మధ్యలో సెంటర్, అతడికి ఇరువైపులా గార్డ్‌లు, అంచుల్లో టాకిల్‌లు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటం, బంతితో పరుగెత్తేవాడికి దారి తెరవడం వీరి పని. నా అభిప్రాయం ముందే చెబుతాను. బీబీ ఎంపిక ఈ మూడింటిలోకీ మేలైన బేరం. గైటన్ ఎంపిక తెలిసి చేసిన సాహసం, దానికి జట్టు చెల్లించిన ధర న్యాయమైనదే. బుకర్ విషయంలో అవసరం నిజమైనదే కానీ ధర ఎక్కువ, అందువల్ల అతడి మీద మనం పెట్టవలసిన కొలత కూడా మిగిలిన ఇద్దరికన్నా కఠినంగా ఉండాలి. ఈ మాటలు ఏ ఆధారంతో అంటున్నానో వివరంగా రాస్తాను.

నాకు ఈ విషయంలో ఉన్న అనుభవం ఏమిటో కూడా చెప్పడం న్యాయం. మా అబ్బాయి ఇక్కడి ఒక హైస్కూల్ జట్టులో నాలుగేళ్లు గార్డ్‌గా ఆడాడు. ఆ నాలుగేళ్లూ శుక్రవారం రాత్రి ఆట ముగిశాక వీడియోను ఆట ఆటగా ముక్కలు చేసి లైన్ కోచ్‌కు అందించే పని నేను చేశాను. శనివారం ఉదయం ఆయన పక్కన కూర్చుని ఒకే స్నాప్‌ను (సెంటర్ బంతిని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే క్షణాన్ని) పదిసార్లు వెనక్కి తిప్పి చూసేవాళ్లం. బంతి ఎటు వెళ్లిందో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. ఐదుగురి పాదాలు మొదట ఎటు కదిలాయో మాత్రమే అడిగేవారు. అప్పటి నుంచి నేను ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటలనూ అలాగే చూస్తున్నాను.

మొదట అర్థం చేసుకోవలసింది ఈ ఐదుగురి పని స్వభావం. కబడ్డీలో రైడర్‌ను పట్టడానికి చేతులు కలిపి గొలుసుగా కదిలే డిఫెండర్లను మనందరం చూశాం. ఆ గొలుసులో నలుగురు ఎంత బలవంతులైనా, ఒకడు అడుగు ఆలస్యం చేస్తే రైడర్ ఆ సందులోంచే జారిపోతాడు. అఫెన్సివ్ లైన్ కూడా అంతే. విసిరిన బంతిని అందుకునే రిసీవర్ల విషయంలో ఒకడు గొప్పవాడైతే మిగిలిన ఇద్దరి లోటును కొంత పూడుస్తాడు, ఎందుకంటే బంతి అతడికే విసరవచ్చు. లైన్‌లో మాత్రం దాడిని బలవంతుడి వైపు తిప్పే అధికారం మనకు ఉండదు, ప్రత్యర్థి తన ఉత్తమ ఆటగాణ్ని మన బలహీనుడి ఎదురుగానే నిలబెడతాడు. కాబట్టి ఒక లైన్‌మన్ ఎంపిక విలువ అతడు ఎంత గొప్పగా ఆడాడన్న దానిమీద ఎంత ఆధారపడుతుందో, అతడు రావడం వల్ల ఆ ఐదుగురిలో అట్టడుగువాడు ఎవరయ్యారన్న దానిమీద అంతకన్నా ఎక్కువ ఆధారపడుతుంది.

దీనికి కౌబాయ్స్ చరిత్రలోనే ఒక బాధాకరమైన సాక్ష్యం ఉంది. 2017 నవంబర్ 12న అట్లాంటాలో జరిగిన ఆటకు లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్ గాయంతో దూరమయ్యాడు. సెంటర్ ట్రావిస్ ఫ్రెడరిక్, రైట్ గార్డ్ జాక్ మార్టిన్, రైట్ టాకిల్ లయెల్ కాలిన్స్ తమ తమ స్థానాల్లోనే ఉన్నారు. స్మిత్ చోట 2015లో మూడో రౌండులో తీసుకున్న చాజ్ గ్రీన్ ఆడాడు, అతడు నిలబడలేకపోతే బైరన్ బెల్‌ను దింపారు. ఏడ్రియన్ క్లేబోర్న్ అనే ఒకే ఒక్క అట్లాంటా డిఫెన్సివ్ ఎండ్ ఆ రోజు డాలస్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌ను ఆరుసార్లు పడగొట్టాడు. మొత్తం ఎనిమిది శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాలు), ఆట 27-7తో పోయింది. లీగులోకెల్లా మేటి లైన్ అని పేరున్న జట్టుకు ఒక్క స్థానం ఖాళీ అయితే జరిగింది ఇది. ఆ ఆటను నేను చాలాసార్లు చూశాను. గ్రీన్ బలహీనుడు కాదు, బద్ధకస్తుడు అంతకన్నా కాదు. అతడి సమస్యల్లో గాయాలు ఒకటి, కాలేజీలోనే అతడు గాయాల వల్ల ఒక సీజన్ మొత్తం కోల్పోయాడు, మొదటి ఏడాది కౌబాయ్స్‌కు ఆడలేకపోయిందీ గాయం వల్లే. కాబట్టి 2015లో ఆ మూడో రౌండు ఎంపికను తూచేటప్పుడు అడగవలసిన ప్రశ్న, ఇతడు నెలల తరబడి సాధన మానేసి తిరిగివస్తే అడుగుల నేర్పు ఎప్పుడు వస్తుంది అన్నది. లైన్‌మన్‌కు నేర్పు చదువుతో రాదు, వేల స్నాపుల అలవాటుతో వస్తుంది.

అందుకే మొదటి రౌండు ఎంపికలను మాత్రమే చూసి జట్టును పొగడటమో తెగడటమో చేసేవారితో నేను ఏకీభవించలేను. ఆరో మనిషి, ఏడో మనిషి ఎవరో కూడా అడగాలి. పదిహేడు ఆటల సీజన్‌లో ఐదుగురూ ఒక్క ఆట తప్పకుండా ఆడటం చాలా అరుదు.

ఇక ధర విషయం. ఒక ఎంపికను దాని ఫలితంతోనే కొలిస్తే తప్పు తీర్పు వస్తుంది, ఆ రోజున జట్టుకు ఏమి తెలుసు, దేన్ని వదులుకుని దీన్ని తీసుకుంది అన్నవి రెండూ చూడాలి. 1990ల తొలినాళ్లలో జిమ్మీ జాన్సన్ కౌబాయ్స్ కోచ్‌గా ఉన్నప్పుడు ప్రతి పిక్‌కూ పాయింట్లు కట్టిన ఒక పట్టిక తయారైంది, ట్రేడుల్లో జట్లన్నీ ఏళ్ల తరబడి దాన్నే కొలబద్దగా వాడాయి. 2013లో కౌబాయ్స్ పద్దెనిమిదో పిక్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇచ్చి ముప్పై ఒకటో పిక్‌నూ డెబ్బై నాలుగో పిక్‌నూ తీసుకుంది. ఆ పట్టిక ప్రకారం పద్దెనిమిదో పిక్ విలువ 900, ముప్పై ఒకటోది 600, డెబ్బై నాలుగోది 220. అంటే 80 పాయింట్లు నష్టం. పైగా ముప్పై ఒకటో పిక్‌తో తీసుకున్నది విస్కాన్సిన్ సెంటర్ ట్రావిస్ ఫ్రెడరిక్‌ను. అతడు రెండో రౌండులోనో మూడో రౌండులోనో పోతాడని చాలామంది అంచనా. నలభై గజాల పరుగుకు అతడికి ఐదున్నర సెకన్లకు పైగా పట్టింది. ఆ రాత్రి కౌబాయ్స్ మీద వచ్చిన విమర్శ అంతా ఇంతా కాదు.

ఆ విమర్శలో ఒక సగం సరైనదే, ట్రేడులో ఇంకొంచెం రాబట్టి ఉండవలసింది. రెండో సగం మాత్రం లైన్ పనిని అర్థం చేసుకోకపోవడం వల్ల వచ్చింది. సెంటర్ జీవితంలో నలభై గజాలు నేరుగా పరుగెత్తవలసిన సందర్భం దాదాపు రాదు. అతడికి కావలసినది బంతిని వెనక్కి అందిస్తూనే ఒక అడుగు పక్కకు వేసి, ఎదుటివాడి కన్నా ముందు అతడి భుజం అవతలి వైపుకు చేరడం. ఆ కాలంలో డాలస్ బిల్ కాలహన్ శిక్షణలో జోన్ పద్ధతి రన్ బ్లాకింగ్ ఎక్కువగా ఆడేది. ఆ పద్ధతిలో ఐదుగురూ ఒకేసారి ఒకే దిక్కుకు అడుగు వేస్తారు, ఇద్దరు కలిసి ఎదుటి లైన్‌మన్‌ను నెడతారు, వాడు ఎటు ఒరుగుతున్నాడో చూసి ఒకడు వాణ్ని ఉంచుకుంటే రెండోవాడు విడిపోయి లైన్‌బ్యాకర్ (ఎదుటి లైన్ వెనుక నిలబడే డిఫెండర్) మీదికి వెళతాడు. ఈ విడిపోయే క్షణం మాటలతో నిర్ణయమయ్యేది కాదు. ఎదుటివాడి బరువు ఎవరి భుజం మీద పడుతోందన్న స్పర్శతో నిర్ణయమవుతుంది. ఫ్రెడరిక్‌కు ఉన్నదీ, గడియారం కొలవలేనిదీ ఆ నేర్పే. అతడు ఐదుసార్లు ప్రో బౌల్‌కు (లీగులోని మేటి ఆటగాళ్ల జాబితాకు) ఎంపికయ్యాడు.

అతడి కథలో ఇంకొక పాఠం ఉంది. 2018 ఆగస్టులో అతడికి గియాన్ బారే సిండ్రోమ్ అనే నరాల వ్యాధి ఉన్నట్టు తెలిసింది, ఆ సీజన్ అంతా ఆడలేకపోయాడు. 2019లో తిరిగివచ్చి అన్ని ఆటలూ ఆడాడు, 2020 మార్చిలో ఇరవై తొమ్మిదేళ్ల వయసులో ఆట మానుకున్నాడు. అతడి కెరీర్ తొందరగా ముగిసిందని 2013 ఎంపికను ఎవరైనా తగ్గిస్తే అది అన్యాయం, ఏ స్కౌట్ కూడా దాన్ని ముందే చూడలేడు. అయితే ఆ ఏడాది మనకు ఒక అరుదైన పోలికను మిగిల్చింది. ప్రెస్కాట్ 2016లో 25 సార్లు, 2017లో 32 సార్లు శాక్ అయ్యాడు. ఫ్రెడరిక్ లేని 2018లో 56 సార్లు. ఫ్రెడరిక్ తిరిగివచ్చిన 2019లో 23 సార్లు. ఈ నాలుగు అంకెలను వరుసగా పెడితే తీర్పు తేలిపోయినట్టే కనిపిస్తుంది. కానీ జాగ్రత్త అవసరం. 2018లో టైరన్ స్మిత్ కూడా కొన్ని ఆటలకు దూరమయ్యాడు, లైన్ కోచ్‌ను సీజన్ మధ్యలోనే మార్చారు, 2019లో అఫెన్సివ్ కోఆర్డినేటర్ కూడా మారాడు. పైగా శాక్‌లలో కొన్ని క్వార్టర్‌బ్యాక్ బంతిని పట్టుకుని ఆలస్యం చేయడం వల్ల వస్తాయి. ఆ పెరుగుదలలో ఫ్రెడరిక్ లేకపోవడం పెద్ద భాగమని నేను నమ్ముతాను, ఎందుకంటే ఆ ఏడాది వీడియోలో మధ్యలోంచి ఇద్దరు డిఫెండర్లు దారులు మార్చుకుని వచ్చినప్పుడు ఎవరు ఎవర్ని పట్టుకోవాలో తెలియని తడబాటు పదేపదే కనిపించింది. ఆ పిలుపు ఇవ్వడం సెంటర్ పని. కానీ 56 అన్న అంకె ఒక్కటే చూసి ఆ మాట అనను.

రన్ బ్లాకింగ్ విషయంలో ఇంతకన్నా శుభ్రమైన సాక్ష్యం ఉంది. 2014లో డెమార్కో మర్రే డాలస్‌కు 1,845 గజాలు పరుగెత్తి లీగులో మొదటి స్థానంలో నిలిచాడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియాకు వెళ్లి 702 గజాలే చేశాడు. అదే ఏడాది డాలస్‌లో, అప్పటికి కెరీర్ మసకబారిందనుకున్న డారెన్ మెక్‌ఫాడెన్ 1,089 గజాలు చేశాడు. ఫిలడెల్ఫియా పద్ధతి మర్రేకు సరిపడలేదన్న మాటా నిజమే. అయినా 2011లో టైరన్ స్మిత్‌ను తొమ్మిదో పిక్‌తో, 2013లో ఫ్రెడరిక్‌ను, 2014లో మార్టిన్‌ను పదహారో పిక్‌తో తీసుకోవడం ఏ ఫలితం ఇచ్చిందో ఈ మూడు అంకెల్లో కనిపిస్తుంది. 2014లో మార్టిన్‌ను తీసుకున్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజియెల్ ఇంకా మిగిలే ఉన్నాడు, యజమాని జెర్రీ జోన్స్ మనసు అతడి మీద ఉన్నదన్నది అందరికీ తెలిసిన సంగతి. అతడి కొడుకు స్టీఫెన్ జోన్స్, స్కౌటింగ్ సిబ్బంది వారించారు. మాంజియెల్ క్లీవ్‌లాండ్‌లో రెండు సీజన్లు ఆడి లీగు నుంచి కనుమరుగయ్యాడు. మార్టిన్ తొమ్మిది ప్రో బౌల్‌లు, ఏడుసార్లు ఫస్ట్ టీమ్ ఆల్ ప్రో (ఆ ఏడాది తన స్థానంలో లీగులోకెల్లా మేటి) గుర్తింపు సంపాదించి 2025లో సగౌరవంగా విరమించాడు.

మార్టిన్ నుంచి నేర్చుకోవలసినది మరొకటి ఉంది, అది మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. నోటర్ డామ్‌లో అతడు లెఫ్ట్ టాకిల్. కానీ అతడి చేయి పొడవు ముప్పై మూడు అంగుళాలకు కొంచెం తక్కువ, టాకిల్‌కు ముప్పై నాలుగు అంగుళాలు ఉండాలని స్కౌట్లు సాధారణంగా కోరుకుంటారు. అంచులో నిలబడేవాడికి చేయి పొడవు ఎందుకంత ముఖ్యమంటే, బయటి నుంచి వంపు తిరిగి వచ్చే పాస్ రషర్ (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడు) ఛాతీని ముందు ఎవరు తాకుతారో వారిదే పైచేయి. లోపలి స్థానాల్లో ఎదుటివాడు దగ్గరే ఉంటాడు, అక్కడ పొడవు కన్నా చేతిని ఎక్కడ పెట్టామన్నదీ, తుంటిని ఎంత కిందికి దించామన్నదీ ముఖ్యం. డాలస్ అతణ్ని టాకిల్‌గా నిలబెట్టాలని పట్టుబట్టలేదు, మొదటి రోజు నుంచే గార్డ్‌గా ఆడించింది, మొదటి ఏడాదే అతడు ఆల్ ప్రో అయ్యాడు. టైరన్ స్మిత్ దీనికి మరో అంచు. అతడి చేతులు ముప్పై ఆరు అంగుళాలకు పైన. కాలేజీలో అతడు రైట్ టాకిల్, కాబట్టి ఇరవై ఏళ్ల వయసులో వచ్చిన అతణ్ని జట్టు మొదటి ఏడాది కుడివైపే ఆడించి 2012లోనే ఎడమకు మార్చింది. అతడు ఎనిమిదిసార్లు ప్రో బౌల్‌కు వెళ్లాడు. ఎంపిక మంచిదవడానికి సగం కారణం ఎంచుకున్న మనిషి అయితే, మిగిలిన సగం అతణ్ని ఎక్కడ, ఎప్పుడు నిలబెట్టారన్నది. డ్రాఫ్ట్ రాత్రి మార్కులు వేసేవారు ఈ రెండో సగాన్ని చూడరు, చూడలేరు కూడా.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి పడతాను. మొదటి రౌండు డబ్బు పెట్టకుండా గొప్ప లైన్ కట్టలేమన్నది సరికాదు. జెర్రీ జోన్స్ 1989లో జట్టును కొన్నప్పటి నుంచి మొదటి రౌండులో తీసుకున్న తొలి అఫెన్సివ్ లైన్‌మన్ టైరన్ స్మిత్. అంతకు ముందు 1981లో హోవర్డ్ రిచర్డ్స్ తర్వాత ముప్పై ఏళ్ల పాటు ఈ జట్టు ఆ పని చేయనే లేదు. అయినా 1990లలో మూడు సూపర్ బౌల్‌లు గెలిచిన లైన్‌ను చూడండి. మార్క్ ట్యూనీ డ్రాఫ్ట్ కాని ఆటగాడు, అందునా డిఫెన్స్ నుంచి మార్చినవాడు. నేట్ న్యూటన్ కూడా డ్రాఫ్ట్ కానివాడే. సెంటర్ మార్క్ స్టెప్నోస్కీ, రైట్ టాకిల్ ఎరిక్ విలియమ్స్ ఇద్దరూ మూడో రౌండువారు. 1994లో చిన్న కాలేజీ సొనోమా స్టేట్ నుంచి రెండో రౌండులో వచ్చిన లారీ ఆలెన్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. బంతి పట్టి పరుగెత్తే ఎమ్మిట్ స్మిత్ పరుగులన్నీ వీరి భుజాల మీదే. అయితే ఈ ఉదాహరణను ఈ కాలానికి యథాతథంగా తెచ్చిపెట్టలేం. జీతాల పరిమితి 1994లో వచ్చింది, అంతకు ముందు కొందరిని ఏళ్ల తరబడి బెంచీ మీద ఉంచి తీర్చిదిద్దే వీలుండేది. ఇప్పుడు సాధన గంటలకు కూడా ఒప్పందంలో గట్టి హద్దులున్నాయి. చేయి చేయి తగిలే సాధన తగ్గినందువల్ల లైన్‌మన్ పరిణతికి పట్టే కాలం పెరిగిందని చాలామంది లైన్ కోచ్‌ల అభిప్రాయం, నాదీ అదే. అందుకే మొదటి ఏడాది చూసి తీర్పు చెప్పవద్దని నేను ఇంతగా అనేది. డ్రాఫ్ట్ ఒప్పందం నాలుగేళ్లది, మొదటి రౌండువారికి జట్టు కోరుకుంటే ఐదో ఏడాది ఉంటుంది. మూడో సీజన్ ముగిసేనాటికి జట్టు అతడికి రెండో ఒప్పందం ఇవ్వాలా వద్దా అని తేల్చుకోవాలి. మనమూ అక్కడే తేల్చుకోవడం సబబు.

ఆ రెండో ఒప్పందం కూడా పూర్తి సాక్ష్యం కాదు. 2018లో రెండో రౌండులో వచ్చిన కానర్ విలియమ్స్, 2019లో మూడో రౌండులో వచ్చిన కానర్ మెక్‌గవర్న్ ఇద్దరూ తొలి ఒప్పందం ముగియగానే డాలస్‌ను విడిచి వెళ్లారు. విలియమ్స్ మయామిలో, మెక్‌గవర్న్ బఫెలోలో సెంటర్లుగా స్థిరపడ్డారు. ఇద్దరూ డాలస్‌లో ఎక్కువగా గార్డ్ ఆడినవారే. అంటే స్కౌట్లు మనిషిని తప్పుగా ఎంచలేదు, వాడుకునేవారు వారి చోటును గుర్తించలేదు. ఈ రెండు ఎంపికలనూ నేను విఫలం అనను. ఎంపిక చేసినవారికి మంచి మార్కులు, నిలబెట్టినవారికి తక్కువ మార్కులు అంటాను.

ఇప్పుడు మీరు అడిగిన ముగ్గురి దగ్గరికి వస్తాను. 2024లో టైరన్ స్మిత్ న్యూయార్క్ జెట్స్‌కూ, సెంటర్ టైలర్ బియాదాష్ వాషింగ్టన్‌కూ వెళ్లిపోయారు. రెండు స్థానాలు ఒకేసారి ఖాళీ అయ్యాయి. జట్టు తన ఇరవై నాలుగో పిక్‌ను, మరుసటి ఏడాది ఏడో రౌండు పిక్‌తో కలిపి డెట్రాయిట్‌కు ఇచ్చి, ఇరవై తొమ్మిదో పిక్‌నూ డెబ్బై మూడో పిక్‌నూ తీసుకుంది. పాత పట్టికలో ఇరవై నాలుగు విలువ 740, ఇరవై తొమ్మిది 640, డెబ్బై మూడు 225. ఏడో రౌండు పిక్ విలువ నామమాత్రం కాబట్టి వందకు పైగా పాయింట్లు లాభం. 2013లో పోగొట్టుకున్న దానికన్నా ఇది ఎక్కువ. ఇరవై తొమ్మిదితో గైటన్, డెబ్బై మూడుతో బీబీ. ఒక్క పిక్ ఉన్నచోట రెండు ఖాళీలు నింపడం అన్నది కాగితం మీద చక్కటి పని.

బీబీ కాన్సస్ స్టేట్‌లో టాకిల్‌గానూ గార్డ్‌గానూ ఆడాడు, డాలస్‌లో సెంటర్‌గా మారి మొదటి ఏడాదే ఆ స్థానంలో ఆడాడు. చేయి తలకిందులుగా పెట్టి బంతి అందిస్తూ, అదే క్షణంలో సరిగ్గా ఎదురుగా నిలబడే, తనకన్నా బరువైన నోస్ టాకిల్‌ను ఎదుర్కోవడం, అంతకు ముందే ఎదుటి డిఫెన్స్ అమరికను చదివి పిలుపు ఇవ్వడం, ఇవన్నీ కొత్తగా నేర్చుకుంటూ మూడో రౌండు ఆటగాడు తొలి ఏడాదిలోనే నిలదొక్కుకోవడం తేలిక విషయం కాదు. కాలేజీలో అతడు ఎక్కువ ఆటలు ఆడి రావడం ఇక్కడ ఉపకరించింది. మూడో రౌండులో అనుభవం ఉన్న, పొడవు తక్కువ ఉన్న ఆటగాణ్ని తీసుకుని లోపలి స్థానం ఇవ్వడం ఎప్పుడూ తెలివైన బేరమే అని నా నమ్మకం.

గైటన్ సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఎత్తు, చేతుల పొడవు, అంత పెద్ద శరీరానికి అరుదైన పాదాల చురుకుదనం అన్నీ ఉన్నాయి, ఆడిన ఆటలు మాత్రం తక్కువ. కాలేజీలో లైన్‌మన్‌గా మారిందే ఆలస్యంగా. ఓక్లహోమాలో ఆడింది ఎక్కువగా రైట్ టాకిల్. అక్కడి క్వార్టర్‌బ్యాక్ డిల్లన్ గాబ్రియెల్ ఎడమచేతివాడు కాబట్టి కుడివైపే అతడి వెనుకవైపు (విసిరేటప్పుడు చూపు ఆనని వైపు), ఆ వెనుకవైపును కాపాడిన అనుభవం ఉంది కదా అని కొందరు వాదించారు. బాధ్యత విషయంలో ఆ వాదన నిజమే, శరీరం విషయంలో కాదు. కుడివైపు నిలబడేవాడు కుడి కాలు వెనక్కి వేసి ఎడమ చేతిని లోపలికి పెట్టడానికి అలవాటుపడతాడు. ఎడమకు మారితే అది మొత్తం తిరగబడుతుంది. ఇన్నాళ్లూ కుడిచేత్తో అన్నం తిన్నవాణ్ని రేపటి నుంచి ఎడమచేత్తో, అదీ పరుగెత్తే పోటీలో తినమన్నట్టు ఉంటుంది. టైరన్ స్మిత్‌కు ఈ మార్పుకు ఒక ఏడాది వ్యవధి ఇచ్చారు. గైటన్‌కు ఆ వ్యవధి ఇవ్వలేదు, 2024లో అతడు ఎక్కువ జరిమానాలు తెచ్చుకున్నాడు, ఆ ఏడాది ఆటలో నిలకడ లేదు. అది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. హోల్డింగ్ జరిమానా చాలావరకు చేతి తప్పు కాదు, పాదం ఆలస్యమైనప్పుడు చేయి ఆ లోటు పూడ్చబోయి పట్టుకుంటుంది.

ఈ మాట చెప్పినప్పుడు టైలర్ స్మిత్‌ను గుర్తు చేయాలి. 2022లో టల్సా నుంచి ఇరవై నాలుగో పిక్‌తో వచ్చినప్పుడు అతడి మీద ఉన్న పెద్ద ఫిర్యాదు కాలేజీలో అతడు మూటగట్టుకున్న జరిమానాలే. టైరన్ స్మిత్ గాయపడటంతో మొదటి ఏడాదే లెఫ్ట్ టాకిల్‌గా ఆడవలసి వచ్చింది, తర్వాత గార్డ్‌గా మారి లీగులో మేటి లెఫ్ట్ గార్డ్‌లలో ఒకడయ్యాడు. జరిమానాలు దిద్దుకోగలిగిన తప్పు. నెమ్మది పాదాలు దిద్దుకోలేనివి. గైటన్ ఎంపికను సమర్థించడానికి నాకున్న ప్రధాన కారణం ఇదే, అతడి లోపాలన్నీ మొదటి రకానివి. కానీ టైలర్ స్మిత్ విషయంలో లోపలి స్థానానికి మారే దారి తెరిచి ఉంది. గైటన్‌కు ఆ దారి అంత సులువు కాదు, అతడి ఎత్తు గార్డ్ స్థానంలో భారమవుతుంది. కాబట్టి ఇది టాకిల్‌గా గెలవడమో లేక పూర్తిగా ఓడిపోవడమో అన్న ఎంపిక. ఇరవై తొమ్మిదో పిక్‌కు, అదనంగా బీబీ చేతికి వచ్చాక, ఆ సాహసం చేయదగినదే.

బుకర్ గురించి చాలామంది అడిగే మొదటి ప్రశ్న, గార్డ్‌కు పన్నెండో పిక్ అవసరమా అన్నది. లీగు చరిత్రలో గార్డ్‌ను అంత ముందుగా తీసుకోవడం తరచుగా జరగదు. 2018లో ఇండియానాపొలిస్ క్వెంటన్ నెల్సన్‌ను ఆరో పిక్‌తో తీసుకుని లాభపడింది, కానీ నెల్సన్ లాంటివాళ్లు ఏటా రారు. మార్టిన్ విరమించిన స్థానాన్ని నింపాలి, మధ్యలో కూలిన పాకెట్ (లైన్ కాపాడే చోటు) క్వార్టర్‌బ్యాక్‌కు అంచులో కూలిన దానికన్నా ఇబ్బంది, ఎందుకంటే అంచు నుంచి వచ్చేవాణ్ని తప్పించుకోవడానికి ముందుకు అడుగు వేయవచ్చు, ఎదురుగా వచ్చేవాణ్ని తప్పించుకోవడానికి చోటు ఉండదు. ఈ కారణాలన్నీ నేను ఒప్పుకుంటాను. పరుగు, గెంతు పరీక్షల్లో బుకర్ అంకెలు బాగా లేవన్న విమర్శకు మాత్రం ఫ్రెడరిక్ గురించి ఇచ్చిన జవాబే ఇస్తాను. అతడి కాలేజీ అలబామా వీడియోలో నేను చూసింది, ఎదుటివాడు నేరుగా బలంతో నెట్టినప్పుడు అతడు ఒక్క అడుగు కూడా వెనక్కి ఇవ్వకుండా తుంటి దించి నిలబడటం. అది మొదటి రోజు నుంచే పనికివస్తుంది. అయితే పన్నెండో పిక్‌తో టాకిల్‌నో, పాస్ రషర్‌నో, కార్నర్‌బ్యాక్‌నో తీసుకుని ఉండవచ్చు, బయటి విపణిలో ఆ స్థానాల జీతాలు గార్డ్ జీతం కన్నా ఎక్కువ కాబట్టి అక్కడ చవగ్గా దొరికిన ఆటగాడు జట్టుకు ఎక్కువ ఆదా చేస్తాడు. అందువల్ల బుకర్ మంచి గార్డ్ అయితే చాలదు, మూడో సీజన్‌కల్లా లీగులో తన స్థానంలో ముందు వరుసలో ఉండాలి. అప్పుడే ఆ ధర నిలబడుతుంది.

మీరు ఇంట్లో కూర్చుని చూసేటప్పుడు ఏం చేయవచ్చో చెప్పి ముగిస్తాను. బంతి కదలగానే మీ చూపును క్వార్టర్‌బ్యాక్ మీంచి తీసేసి ఒక్క లైన్‌మన్ మీదే పెట్టండి, ఒక పావు ఆట అంతా అతణ్నే చూడండి. మామూలుగా బంతి చేతి నుంచి వెళ్లడానికి రెండున్నర సెకన్లు పడుతుంది, ఇఎస్‌పిఎన్ వారు పాస్ బ్లాక్ గెలుపు కొలతకు గీత గీసినదీ అక్కడే. ఆ రెండున్నర సెకన్లు అతడు నిలబడితే, తర్వాత శాక్ జరిగినా ఆ లెక్క అతడి ఖాతాలో వేయకండి. గైటన్ విషయంలో చూడవలసింది స్నాప్ తర్వాత అతడి ఎడమ పాదం వేసే మొదటి అడుగు. అది వెనక్కి పడితే అతడికి సమయం ఉంటుంది, పక్కకు పడితే డిఫెండర్ అప్పటికే అతడి భుజం దాటే దారిలో ఉంటాడు. బుకర్ విషయంలో మూడో డౌన్‌లో (మూడో ప్రయత్నంలో) ఎదుటి ఇద్దరు దారులు మార్చుకున్నప్పుడు తన మనిషిని పక్కనున్న టాకిల్‌కు అప్పగించి కొత్తవాణ్ని అందుకోవడానికి అతడి తల ఎంత త్వరగా తిరుగుతుందో చూడండి. బీబీ విషయంలో మాత్రం స్నాప్‌కు ముందే చూడాలి. అతడు వేలు చూపించి పిలుపు ఇచ్చాక ఇరుపక్కల గార్డ్‌లు తమ నిలబడే తీరును సర్దుకుంటున్నారంటే, అతడి మాట వారికి చేరుతోందని అర్థం. 2018లో ఈ జట్టు మధ్యలో నాకు కనిపించనిది అదే.